బందరుకు ఒక్క రోజు వచ్చే అతిథికి సముద్రం చూపించాలా, ఊరు చూపించాలా?

బందరు అల్లుడు:
మా అత్తవారిది మచిలీపట్నం, అదే మన బందరు. నాతో కలిసి హైదరాబాదులో పనిచేస్తున్న నలుగురు పుణె మిత్రులు వచ్చే నెలలో ఒక శనివారం బందరు చూడాలని ఉత్సాహపడుతున్నారు. పుణెలో మొదలయ్యే 65వ నంబరు జాతీయ రహదారి బందరులో ముగుస్తుందని ఎక్కడో చదివి, తమ ఊరి రోడ్డు కొసన ఏముందో చూడాలన్న సరదా వాళ్ళకు పుట్టింది. ఉదయం ఎనిమిదింటికి ఊళ్ళో దిగి, మళ్ళీ రాత్రికి బయలుదేరాలి. సముద్రపు ఊరికి వచ్చినవాళ్ళను మంగినపూడి తీసుకువెళ్ళకపోతే నలుగురూ నవ్వుతారని మా మామగారంటున్నారు. సముద్రం అన్నిచోట్లా ఒకటే గనుక కలంకారీ బట్ట తయారయ్యే పెదన తీసుకువెళ్ళమని మా బావమరిది పట్టుబడుతున్నాడు. ఇంట్లో తేలని ఈ తగవును ఇక్కడ పెద్దల ముందు ఉంచుతున్నాను.

మంగినపూడి కెరటం:
మీ మామగారి మాటే సరైనది. బందరు అన్న మాటకే రేవు అని అర్థం. రేవును చూడడానికి వచ్చినవాడికి నీళ్ళు చూపించకుండా పంపడం, పెళ్ళికి పిలిచి పెళ్ళికూతుర్ని చూపించకపోవడం వంటిది. మంగినపూడి ఊరికి పదకొండు కిలోమీటర్లు. అక్కడ కాళ్ళకు తగిలేది తెల్లని ఇసుక కాదు, కృష్ణ తెచ్చి పోసిన నల్లని ఒండ్రు. చాలా దూరం వరకూ లోతు లేకుండా సాగే ఆ తీరంలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అరికాళ్ళ కింద ఆ మెత్తని నల్లమట్టి జారిపోతుంటే కలిగే అనుభవం వేరే తీరాల్లో నేనెరుగను. కార్తీక పౌర్ణమినాడు సముద్రస్నానానికి వచ్చే జనాన్ని చూస్తే ఆ తీరానికీ ఈ జిల్లాకూ ఉన్న అనుబంధం ఏమిటో అర్థమవుతుంది. చిలకలపూడి పాండురంగడి గుడి కూడా చూసుకుని వెళ్ళవచ్చు. తెల్లవారుజామునే రాగలిగితే గిలకలదిండి హార్బరులో పడవలు దించే చేపలను, రొయ్యలను, పీతలను, అక్కడికక్కడే జరిగే వేలంపాటను చూడవచ్చు. ఎనిమిదింటికి దిగేవారికి ఆ భాగ్యం లేదు.

వలందపాలెం:
కెరటం గారి ఉపమానం బాగుంది కానీ, ఆ పెళ్ళికూతురికి నాలుగు వందల ఏళ్ళ కథ ఉందన్న సంగతి వారు మరచిపోయారు. నేను నివసించే పేట పేరే చూడండి. వలందులంటే హాలెండువాళ్ళు. ఫ్రెంచివారిని మన పూర్వులు పరాసులన్నారు కనుక పరాసుపేట వచ్చింది. పక్కనే ఇంగ్లీషుపాలెం ఉంది. ఆటో ఎక్కి ఈ మూడు పేర్లు చెప్పి తిరిగి రండి, గోలకొండ నవాబుల కాలంలో ఇది ఎంతటి రేవో మీ మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. డచ్చివారు 17వ శతాబ్ది తొలి పదేళ్ళలోనే ఇక్కడ కొట్టు తెరిచారు, 1611లో ఇంగ్లీషువారు దిగారు, 1669లో ఫ్రెంచివారు వచ్చారు. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి చేతుల్లోంచి కోటను లాక్కున్నాక పోటీ ముగిసింది.

డచ్చివారి సమాధులను తప్పక చూపించండి. మనిషి నిలువుకన్నా పొడవైన రాతిపలకల మీద ఇక్కడే చనిపోయిన వర్తకుల, వారి భార్యల, పసిపిల్లల పేర్లు డచ్చి, లాటిన్ భాషల్లో ఉబ్బెత్తు అక్షరాలతో చెక్కి ఉన్నాయి. వాటి పైన వారి వంశచిహ్నాలు, శిరస్త్రాణాలు, ఆకుతీగలు ఉన్నాయి. ఆ తీగలను చెక్కినవారు మన శిల్పులే అయి ఉంటారని నా నమ్మకం, ఎందుకంటే కొన్ని పలకల అంచుల మీది లతలు మన గుడి ద్వారబంధాల మీది లతలకు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అక్కడి నుంచి సముద్రం వైపున్న బందరుకోటకు వెళితే మిగిలిన కట్టడాలు కొద్దిగా కనిపిస్తాయి.

మంగినపూడి కెరటం:
"మిగిలినవి కొద్దిగా" అని మీరే ఒప్పుకున్నారు. నేను ఇదివరలో ఇద్దరు బంధువులను మీరు చెప్పిన దారినే తిప్పాను. గడ్డిలో పలకలు, కూలిన గోడలు చూసి, "ఇంత పేరున్న రేవులో ఒక మేడ గానీ, ఒక మహలు గానీ మిగల్లేదేమిటి?" అని వాళ్ళడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. చదివినవారికి చరిత్ర, చదవనివారికి పిచ్చిమొక్కలు.

వలందపాలెం:
జవాబు ఉంది, కెరటం గారూ. గోలకొండకు వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దిలోనే ఈ ఊరిని చూసి, ఇళ్ళన్నీ కర్రతో కట్టినవనీ, ఊరికి ఉన్న పేరంతా ఓడలు లంగరు వేసుకోవడానికి అనువైన చోటు కావడం వల్లనేననీ రాశాడు. అంటే సరుకు వచ్చి పోయే ఊరే తప్ప రాజులు కొలువుండే ఊరుగా ఇది ఏనాడూ లేదు. మిగిలిందాన్ని 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన తుడిచిపెట్టింది. ఆ ఒక్క రాత్రిలో సుమారు 30,000 మంది పోయారంటారు. రేవు మేట వేసి పెద్ద ఓడలు దూరాన ఆగిపోవడం, వ్యాపారం మద్రాసుకు తరలిపోవడం అప్పటికే జరిగిపోయాయి. కాబట్టి మేడ లేకపోవడమే ఈ ఊరి కథ, మీ బంధువులకు చెప్పవలసిన మాట అదే. మంగినపూడిలో మీరు ఇంతగా మెచ్చుకున్న ఆ లోతులేని నల్లమట్టే పెద్ద ఓడలను ఒడ్డుకు రానీయని మట్టి అని కూడా వారికి చెప్పి ఉంటే బాగుండేది.

అచ్చుబల్ల:
పెద్దలిద్దరూ పోయినవాటి గురించి, పోనిదాని గురించి వాదించుకుంటున్నారు గానీ, నాలుగు శతాబ్దాల కిందట ఆ ఓడలు దేనికోసం వచ్చాయో దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. అవి వచ్చింది బట్ట కోసం. ఆ బట్ట ఇంకా తయారవుతోంది, ఊరికి పది కిలోమీటర్ల దూరంలో పెదనలో. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని గనుక నాది పక్షపాతమే అనుకోండి.

కలంకారీ అని పేరే కానీ మా దగ్గర కలం ఉండదు. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. మాది టేకు చెక్క మీద చెక్కిన అచ్చు. బట్టను ఉడకబెట్టి, ఉతికి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తే లేత పసుపు రంగుకు తిరుగుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే నల్లరంగు వేసే నీరు వస్తుంది. అచ్చు వేసిన క్షణంలో ఆ నీరు చెప్పుకోదగ్గ రంగులో ఉండదు, కరక్కాయ తగిలి మీ కళ్ళ ముందే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట వేసేది ఎరుపు కాదు, జిగురు కలిపిన పటిక నీళ్ళు. ఆ బట్టను పారే కాలువలో జాడించి, మంజిష్ఠ వంటి వేరు వేసిన రాగి గంగాళంలో ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది వదిలేస్తుంది. తొలిసారి చూసేవారికి ఇది గారడీలా ఉంటుంది. అచ్చువేసే మనిషి కుడిచేత్తో అచ్చును ఆనించి, ఎడమచేతి పిడికిలితో దాని వీపు మీద ఒక్క గుద్దు గుద్ది తీస్తాడు. ఆ చప్పుడు వరుసగా ఒకే లయలో వినిపించే షెడ్డు దొరికితే అక్కడ ఒక గంట కూర్చోబెట్టండి, మీ మిత్రులే లేవమంటే లేవరు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. కలంకారీ పేరుతో స్క్రీను ముద్రణ బట్ట దారి పొడుగునా దొరుకుతుంది, చవక కూడా. తేడా పట్టడానికి బట్టను తిరగేసి చూడండి: మా బట్టలో రంగు నూలులోకి దిగి వెనక్కి కూడా తెలుస్తుంది. అచ్చుకూ అచ్చుకూ అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా కనబడుతుంది. ఆ తేడా లేని బట్ట అయితే అనుమానించండి. మబ్బు పట్టిన రోజున, వానాకాలంలో ఈ పని సగం ఆగిపోతుంది, ఎండే మాకు పెట్టుబడి. అందుచేత ముందుగా ఫోను చేసుకుని, ఎండ ఉన్న రోజునే రండి. శనివారం పని ఉంటుంది.

తొక్కుడు:
చరిత్రా, బట్టా, సముద్రమూ ఏదైనా కడుపు నిండాకే. బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చాక ఊళ్ళో ప్రతి బోర్డు మీదా ఆ పేరే కనిపిస్తోంది. నిరుడు ఒక దుకాణంలో (పేరు చెప్పను) కొన్న డబ్బా ఇంటికి తెచ్చి తెరిస్తే మామూలు బూందీ లడ్డూ నలిపి ఉండలు చుట్టినట్లు ఉంది, నోట్లో పెడితే పంచదార కరకరలాడింది. నిజమైన తొక్కుడు లడ్డూకు శనగపిండిని పూసలా దూసి వేయించి, వేడి తగ్గాక రోట్లో పోసి రోకలితో దంచి, జల్లెడ పట్టి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచాలి. ఆ రెండో దంపుడే దాని ప్రాణం. దాని వల్లనే లడ్డూ పంటి కింద పలుకుగా తగలకుండా నాలుక మీద కరిగిపోతుంది. మధ్యలో తగిలే పటికబెల్లం ముక్క ఒక్కటే గట్టిది. కొనేముందు ఒకటి విరిచి చూడమనండి, విరిగినచోట నున్నగా, తడిగా ఉండాలి.

నా మటుకు నాకు లడ్డూ కన్నా నల్ల హల్వాయే ఎక్కువ. గోధుమలు నానబెట్టి రుబ్బి పిండిన పాలను బెల్లంతో, నేతితో గంటల తరబడి తిప్పితే ఆ నలుపు వస్తుంది. లడ్డూకు వచ్చిన పేరులో సగం దానికి రాలేదన్న బాధ నాకుంది. మధ్యాహ్నం భోజనానికి మాత్రం మీ అత్తగారిని మించిన హోటలు లేదు, అల్లుడుగారూ. పీతల పులుసు అడగండి.

మంగినపూడి కెరటం:
అచ్చుబల్ల గారి వివరణ చదివాక నేను సగం దిగివచ్చాను. అయినా పగలంతా పెదనలో గడిపి, సాయంత్రం నాలుగున్నరకు మంగినపూడి చేరితే అభ్యంతరం ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఎండ తగ్గాకే అక్కడ బాగుంటుంది. జెండా పింగళి వెంకయ్యగారు పాఠాలు చెప్పిన ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు అంటూ ఇంకా ఎవరైనా జాబితా పెంచేలోపే ఈ మాట చెబుతున్నాను. ఒక రోజుకు మూడే చోట్లు పడతాయి, నాలుగోది పెడితే కారులో కూర్చోవడమే చూసినట్లవుతుంది.

బందరు అల్లుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఉదయం పెదన, మధ్యాహ్నం అత్తగారింట భోజనం, రెండున్నరకు డచ్చి సమాధులు, నాలుగున్నరకు మంగినపూడి, తిరుగుదారిలో లడ్డూ అని రాసుకున్నాను. మామగారూ బావమరిదీ ఇద్దరూ ఒప్పుకున్నారు.

వలందపాలెం:
ఒక్క మార్పు చేయండి. సమాధులను ముందు పెట్టి, పెదనను తరువాత పెట్టండి. ఆ అక్షరాలు ఉబ్బెత్తువి. ఉదయం ఎనిమిదిన్నరకు ఏటవాలు ఎండ పడినప్పుడు ప్రతి అక్షరం పక్కనా నీడ నిలిచి వేలితో తడమకుండానే చదవగలుగుతారు. రెండున్నర ఎండలో రాయి అంతా ఒకటే తెలుపు. అచ్చుబల్ల గారికి కూడా పదింటి ఎండే కావాలి గనుక వారికేమీ నష్టం లేదు.