మిల్వాకీ కౌంటీ పూర్ ఫార్మ్ శ్మశానం: సమాధి నంబరుకు పేరు జతచేయడం ఎలా?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వావటోసా దగ్గర మిల్వాకీ కౌంటీ దిక్కులేని పేదల్ని 1882 నుంచి 1925 దాకా పాతిపెట్టిన స్థలం గురించి ఈ ప్రశ్న. ఆసుపత్రి కట్టడం కోసం 1991–92లో తవ్వినప్పుడు 1,600కు పైగా సమాధులు బయటపడ్డాయి. 2013లో మరికొన్ని వందలు. ఖననాల రిజిస్టరులో పేరు, నంబరు ఉన్నాయి కానీ, నేలలో దొరికే శవపేటికల్లో చాలావాటికి నంబరు ఆనవాలే లేదు. అసలు చిక్కంతా అక్కడే.

పేర్ల వైపు నుంచి వెతకడానికి 1900, 1910, 1920 జనగణనల్లో పూర్ ఫార్మ్ (కౌంటీ నడిపిన పేదల ఆశ్రమం) నమోదైన పేజీలు, 1905 రాష్ట్ర జనగణన, కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) విచారణ పత్రాలు ఉన్నాయి. రాష్ట్రవ్యాప్త మరణ నమోదు 1907 అక్టోబరులో మొదలైంది, అంతకుముందువి కౌంటీ స్థాయివి, ఖాళీలు ఎక్కువ. జర్మన్, పోలిష్ పేర్లను గుమాస్తా చెవికి వినపడినట్టు రాసుకున్నాడు కాబట్టి అక్షరక్రమంలో వెతికితే దొరకవు. మరణ తేదీ, వయసు, పుట్టిన దేశం కలిపి చూడడమే మేలని నా అభిప్రాయం.

ఇలాంటి రిజిస్టర్లతో పనిచేసినవారు దయచేసి చెప్పండి: వరుసలో పక్కపక్క గుంతలకు వరుస నంబర్లే ఉంటాయని ఎంతవరకు నమ్మవచ్చు? పసిపిల్లల్ని వేరే వరుసల్లో పెడితే ఆ క్రమం ఎలా పట్టుకోవాలి? శవపరీక్ష జరిగిన ఎముకల కోత గుర్తులను కరోనర్ పత్రాలతో పోల్చి ఒక వరుసకు తేదీ కట్టినవారెవరైనా ఉన్నారా? ఒక్క వరుసకైనా ఖాయమైన తేదీ దొరికితే, అటూ ఇటూ ఉన్నవారికి పేర్లు తిరిగి ఇవ్వవచ్చు.