సమస్య: చల్లబడిన చాయి సలసలుడికె

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, మొదటి మూడు పాదాలు మీరు పూరించాలి. నిన్న పేపర్లు దిద్దుతూ చాయి సంగతే మరిచిపోయాను. గంట తర్వాత చూస్తే పైన మీగడ కట్టి ఉంది. ఆ వేడి మాయం కాలేదు, ఈ గదిలోనే ఉంది. మరి తిరిగి కప్పులోకి ఎందుకు రాదు? షరతు ఒక్కటే, పొయ్యి వెలిగించకూడదు.

కాజీపేట తమ్ముడు:

ఫోనుతోడ తీసి బుడ్డోడు తిప్పెను
వెనుకనుండి ముందు వీడియోను
ఆవిరంత తిరిగి యా కప్పు చేరగ
చల్లబడిన చాయి సలసలుడికె

నా మాట: ఊహ చాలా నచ్చింది. ఫో–బు యతి (పాదంలో అక్షరాల మైత్రి) కుదిరింది. 'ముందు' దగ్గర 'ముందుకు' ఉంటే అన్వయం తేలికయ్యేది. గాల్లోకి ఎగరేసిన బంతి వీడియోను వెనక్కి తిప్పితే ఎవరూ పోల్చుకోలేరు. చాయి వీడియో తిప్పితే పసిపిల్లలు కూడా పట్టేస్తారు. ఆ తేడాను కొలిచేదే ఎంట్రోపీ. 1865లో జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ పెట్టిన పేరు అది.

పరకాల మాస్టారు:

రోహిణెండలోన రోళ్లన్ని పగులగ
ఓరుగల్లు మేడ నుంచినట్టి
గాజుకప్పులోన గంటసేపుండగ
చల్లబడిన చాయి సలసలుడికె

జనగామ నుంచి: మాస్టారూ, 'మేడ నుంచినట్టి' అంటే మేడ మీద ఉంచిన అనా, మేడ నుంచి అనా?

నా మాట: సందేహం సరైనదే. ఇంకోటి, మన ఎండకు చాయి వెచ్చబడుతుందే కానీ మరగదు. పైగా సూర్యుడూ పొయ్యే కదండీ! వేడి దాని నుంచి చల్లటిదానికి వస్తే అందులో వింత లేదు.

హన్మకొండ అక్క:

కప్పు వీడి వేడి గదినిండ చెదరెను
తిరిగి వచ్చు దారి తెలియదాయె
ఎన్ని యుగములైన నెవ్వరు చూచిరి
"చల్లబడిన చాయి సలసలుడికె"?

జనగామ నుంచి: అక్కా, అద్భుతం. కానీ ఒక డౌటు. ఎంట్రోపీ అంటే గజిబిజి, అది పెరుగుతూనే ఉంటుందని చదువుకున్నాం. చాయి చల్లారితే దాని గజిబిజి తగ్గినట్టే కదా?

నా మాట: తగ్గింది, నిజమే. లెక్క చూడండి. 80 డిగ్రీల చాయి అంటే, 273 కలిపితే, 353 కెల్విన్, 30 డిగ్రీల గది అంటే 303. వేడిని కెల్విన్లతో భాగిస్తే ఎంట్రోపీ మార్పు వస్తుంది. వెయ్యి జౌల్స్ వేడి పోతే చాయికి కెల్విన్‌కు 2.83 జౌల్స్ ఎంట్రోపీ తగ్గుతుంది, గదికి 3.30 పెరుగుతుంది. రెండూ కలిపి చూస్తే పెరిగినట్టే. ఒక్క కప్పునే చూస్తే తప్పుదారి పడతాం.

'గజిబిజి' అనే మాట కన్నా 'ఎన్ని విధాలు' అని అడగడం మేలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో చూసే మిర్చినే తీసుకుందాం. తేజ కాయలు అయిదు, చపాటా కాయలు అయిదు వరుసగా పేరిస్తే రకాన్ని బట్టి 252 వరుసలు వస్తాయి. ఒక రకమంతా ఒక పక్కన, రెండోది ఇంకో పక్కన ఉండేవి రెండే. పది కాయలకే ఇంత తేడా. బస్తా నింపి ఒక్క ఊపు ఊపితే కలిసిపోతాయి, వేరు చేయాలంటే పొద్దంతా కూర్చొని ఏరాలి. చాయిలో అణువులకైతే ఆ లెక్క ఊహకే అందదు. తిరిగి వేడెక్కడం అసాధ్యమని కాదు, అలా జరిగే విధాలు మరీ అరుదు. వియన్నాలో శాస్త్రవేత్త బోల్ట్జ్‌మన్ సమాధి మీద చెక్కిన సూత్రం ఈ విధాల లెక్కే.

అందుకే అక్కా, మీ రెండో పాదంలో దారి ఒక్కటే అన్నట్టుంది. వేడి చెదిరే దారులు లెక్కలేనన్ని, వాటిలో తిరిగొచ్చేవే అరుదు.

హన్మకొండ అక్క: మార్చాను, చూడండి సార్.

తిరుగు దారులెన్నొ తెలియదాయె

నా మాట: 'తిరుగు దారులు' అంటే వేడి తిరుగాడే దారులూ అవుతాయి, తిరిగొచ్చే దారులూ అవుతాయి. తి–తె యతి కూడా నిలిచింది. ఈ వారం పూరణల్లో నా మొదటి ఎంపిక ఇదే.