‘మాయాబజార్’ తొలి గంట నెమ్మదిగా అనిపించింది: లోపం రంగుల ప్రతిదా, నా చూపుదా?

ప్రశ్న (తెనాలి నుంచి ఒక ప్రేక్షకురాలు)

అందరికీ నమస్కారం. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయితో కలిసి గత ఆదివారం ‘మాయాబజార్’ చూశాను. చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో మా నాన్నగారి పక్కన కూర్చుని చూసిన సినిమా అది. ఆ తరువాత టీవీలో ముక్కలు ముక్కలుగా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గాని, మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున చూడడం మాత్రం చాలా ఏళ్ల తరువాత ఇదే. మాకు దొరికింది 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి. ఈ సినిమా గురించి మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి కొంత జంకుగానే ఉన్నది. 2013లో ఒక ఆంగ్ల వార్తా చానెల్ జరిపిన ప్రేక్షకుల పోలింగులో భారతీయ సినిమాలన్నింటిలోకీ ఉత్తమమైనదిగా దీనినే ఎన్నుకున్నారు. అటువంటి చిత్రంలో నచ్చనిదేదో ఉన్నదని అంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారేమోనన్న భయం నాకు ఇప్పటికీ ఉన్నది.

అయినా చెబుతాను. మొదటి గంట నాకు నెమ్మదిగా నడిచినట్టు అనిపించింది. మా అమ్మాయి “అమ్మా, ఘటోత్కచుడు ఎప్పుడు వస్తాడు?” అని రెండుసార్లు అడిగింది. రెండోసారి అడిగినప్పుడు నేను కూడా లోలోపల అదే ప్రశ్న వేసుకుంటున్నానని గ్రహించి బాధపడ్డాను. ఘటోత్కచుడు అడుగుపెట్టిన క్షణం నుంచి మాత్రం ఇద్దరమూ కుర్చీలలోంచి కదలలేదు. ముఖ్యంగా మాయాశశిరేఖగా సావిత్రి గారు లేని మీసాన్ని మెలివేస్తూ, భుజాలు విరుచుకుని, అంతలోనే ఎవరో వస్తున్న అలికిడికి సిగ్గులమొగ్గ అయిపోయే తీరు చూసి, ఇన్నేళ్ల తరువాత కూడా నాకు ఒళ్లు పులకరించింది. ఒక స్త్రీ దేహంలో ఒక రాక్షసుడు కాపురం ఉంటున్నాడని నమ్మించడానికి ఆమెకు నడకా, చూపూ తప్ప వేరే సాధనమే అక్కరలేకపోయింది.

రెండో సంగతి ‘లాహిరి లాహిరి’ పాట. చిన్నప్పుడు చూసిన వెన్నెల నా జ్ఞాపకంలో పాలనురుగులా ఉండిపోయింది. మొన్న తెరమీద కనిపించినది నీలిరంగు పూసిన రాత్రి. మనుషుల ముఖాలన్నీ ఒకే గంధపు ఛాయలో ఉన్నట్టు తోచింది. మూడోది, శశిరేఖకు పెళ్లికొడుకుగా వచ్చిన దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుణ్ణి పెళ్లిపీటల మీద అంతసేపు భయపెట్టి ఏడిపించడం చూసి చిన్నప్పుడు కడుపుబ్బ నవ్వాను గాని, ఈసారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అతడు బడాయికోరు, పిరికివాడు. కాని పన్నాగం పన్నినది అతడు కాదు గదా!

నా ప్రశ్న ఇది. తొలి గంట మందకొడిగా అనిపించడానికి కారణం రంగుల ప్రతేనా, లేక సినిమాలోనే ఆ నిదానం ఉన్నదా? అమ్మాయికి నలుపు తెలుపు ప్రతిని మళ్లీ చూపించడం వల్ల ప్రయోజనం ఉంటుందా? అనుభవం ఉన్నవారు మొహమాటం లేకుండా చెప్పగలరు.

మొదటి సమాధానం (విశాఖపట్నం)

అమ్మా, మీ జ్ఞాపకం మిమ్మల్ని మోసం చేయలేదు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి, అందులో మొదటి సగం నలుపు తెలుపు ఫిల్ము కడగడంతోనే గడిచింది, కనుక వెలుతురు గురించి మాత్రం కొంత ధైర్యంగా చెప్పగలను.

ఆ సినిమాకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, తరువాతి ‘గుండమ్మ కథ’ కూడా ఆయన కెమెరా పనే. నలుపు తెలుపు ఫిల్ము మీద పనిచేసేవాడికి రంగు అనేది ఉండదు. నలుపుకూ తెలుపుకూ నడుమ ఉండే బూడిదవన్నె మెట్లే అతని పలక. చీర ఎరుపైనా ఆకుపచ్చైనా ఫిల్ము మీద ఎంత ముదురుగా పడుతుందన్నదే లెక్క. అందుకే నగల మెరుపు, నీటి మీద తళుకు, జుట్టు అంచున వెనుకనుంచి పడే సన్నని వెలుగుగీత, ఇవన్నీ ఆ మెట్లను బట్టి అమర్చినవి. ‘లాహిరి లాహిరి’లో మనం చూసే వెన్నెల నిజమైన వెన్నెల కాదు. దీపాలతోనూ, ఫిల్ము ఎంత వెలుతురు తాగుతుందన్న అంచనాతోనూ బార్ట్‌లీ సృష్టించిన వెన్నెల అది. మన కన్ను కూడా రాత్రిపూట రంగులను సరిగా పట్టలేదు. పండు వెన్నెలలో మీ పెరట్లోని మందారాన్ని చూడండి, ఎర్రగా కాక నల్లగా కనిపిస్తుంది. కనుక నలుపు తెలుపులో ఉన్న ఆ పాట మన కంటికి నిజమైన రాత్రికి దగ్గరగా ఉంటుంది. దానిమీద నీలిరంగు వేసిన మరుక్షణం అది రాత్రిని గుర్తుచేసే రంగు అవుతుంది గాని, రాత్రి కాదు.

రంగులద్దిన సాంకేతిక నిపుణులను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అలా డిజిటల్ పద్ధతిలో రంగులు పొందిన మొదటి తెలుగు సినిమా అదే. దానికి వాళ్లు పడిన శ్రమ సామాన్యమైనది కాదు, దానివల్ల ఒక కొత్త తరం మళ్లీ థియేటరుకు వెళ్లి ఆ సినిమాను పెద్ద తెరమీద చూసింది. అయినా మీ అమ్మాయికి నలుపు తెలుపు ప్రతిని తప్పకుండా చూపించండి. గదిలో దీపాలన్నీ ఆర్పి చూపించండి. టీవీలో రంగులను గాఢంగా చూపించే అమరిక ఏదైనా ఉంటే దానిని తగ్గించండి, లేకపోతే ఆ బూడిదవన్నె మెట్లు సగం కనబడకుండా పోతాయి.

రెండవ సమాధానం (హైదరాబాద్, శేరిలింగంపల్లి)

వెలుతురు గురించి పైన చెప్పినది నాకు తెలియని విషయం, చదివి సంతోషించాను. కాని తొలి గంట నిదానానికి రంగులను బాధ్యులను చేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఆ నిదానం సినిమాలోనే ఉన్నది, ఉండవలసిందే.

శశిరేఖా పరిణయం కథ వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడికి కూతురున్నదని, ఆమెను మేనత్త కొడుకైన అభిమన్యుడికి కాకుండా దుర్యోధనుడి కొడుక్కి ఇవ్వబోయారని చెప్పే ఈ కథ జనం నోటా, నాటకాల వాళ్ల నోటా పెరిగినది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజాల వారు దీనిని ‘మాయాబజార్’ పేరుతో తరతరాలుగా ఆడుతున్నారు. మా ఇంటికి దగ్గరలోనే సురభి కాలనీ ఉన్నది. వాళ్ల ప్రదర్శనను నేను చాలాసార్లు చూశాను. అక్కడి ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు. తరువాత ఏమవుతుందోనన్న ఆత్రం కాక, తెలిసిన సంగతిని ఈరోజు ఎలా చూపిస్తారోనన్న ఆసక్తి అతణ్ణి కూర్చోబెడుతుంది. కె.వి. రెడ్డి గారు సినిమా తీసింది ఆ ప్రేక్షకుడి కోసమే.

మీకు నెమ్మదిగా అనిపించిన భాగాన్ని ఈసారి ఒక్క వస్తువును పట్టుకుని చూడండి. ప్రియదర్శిని పేటిక తెరిచినవారికి తాము ఎక్కువగా ప్రేమించేది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి శిష్యుడైన దుర్యోధనుడు, బలరాముడి భార్య రేవతికి నగలు కనబడతాయి. పిల్లల ఆటవస్తువులా వచ్చిన ఆ పెట్టె అయిదు నిమిషాలలో ఒక్కొక్కరి గుణాన్నీ బయటపెట్టేసింది. బలరాముడు మాట తప్పుతాడని, రేవతి ఐశ్వర్యం వైపు మొగ్గుతుందని మనకు ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు. అన్నింటికన్నా నన్ను కదిలించేది కృష్ణుడికి అందులో శకుని కనబడడం. పాండవులకు జరగబోయే కీడు అక్కడినుంచే మొదలవుతుంది. ఇక చివరకు వెళ్లి చూడండి. అక్కడ సత్యపీఠం ఉన్నది. దానిమీద నిలబడిన శకుని తన మనసులోని కుట్రనంతా తన నోటితోనే చెప్పేస్తాడు. మొదట్లో మనసులోని ప్రేమను బయటపెట్టే పెట్టె, చివర మనసులోని అబద్ధాన్ని బయటపెట్టే పీట. ఆ పెట్టె దగ్గర తొందరపడి ఉంటే ఈ పీట దగ్గర మనకు అంత ఆనందం ఉండేది కాదు.

ఇంకొక సంగతి కూడా గమనించవలసి ఉన్నది. రంగుల ప్రతిలో కొన్ని పాటలను, పద్యాలను తీసివేశారు. నిడివి తగ్గినా మీకు నెమ్మదిగానే అనిపించిందంటే, నిడివికీ విసుగుకూ సంబంధం తక్కువని నాకు తోస్తున్నది. పద్యం ఉన్నచోట పాత్ర ఒక్క క్షణం ఆగి తన మనసు చెప్పుకుంటుంది. అది పోతే మిగిలేది రాకపోకలే.

మూడవ సమాధానం (అమెరికా, న్యూజెర్సీ)

రంగుల ప్రతి తరఫున ఒక్క మాట చెప్పనివ్వండి. మా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. నలుపు తెలుపు బొమ్మ కనబడగానే లేచి వెళ్లిపోయేవారు. రంగుల ప్రతి లేకపోతే వాళ్లకు ఎస్.వి. రంగారావు గారి పేరు కూడా తెలిసేది కాదు. ‘వివాహ భోజనంబు’ పాటలో లడ్డూలు తమంతట తాము నోట్లోకి ఎగిరి వెళ్లడం చూసి మా చిన్నవాడు ఎన్నిసార్లు వెనక్కి తిప్పించాడో! ప్రియదర్శినిలో అభిమన్యుడూ శశిరేఖా మాట్లాడుకుంటుంటే, “ఇది మనం అమ్మమ్మతో మాట్లాడినట్టే ఉంది” అన్నాడు.

నాకు దిగులు కలిగించింది రంగు కాదు, భాష. పింగళి నాగేంద్రరావు గారు పుట్టించిన ‘అసమదీయులు’ (మనవాళ్లు), ‘తసమదీయులు’ (పరాయివాళ్లు) అన్న మాటలకు ఆంగ్ల ఉపశీర్షికలో ఏమీ మిగలలేదు. తల్పం పక్కన గిల్పం, కంబళి పక్కన గింబళి ఎందుకు నవ్వు తెప్పిస్తాయో చెప్పడానికి నేను సినిమాను ఆపవలసి వచ్చింది. ఆపి చెప్పిన తరువాత పిల్లలు నవ్వారు. మరునాడు ఇంట్లో ప్రతి వస్తువుకూ అలాంటి జంటపదం కట్టడం మొదలుపెట్టారు. వాళ్ల నోట తెలుగు అంత ఉత్సాహంగా పలకడం నేను అదే మొదటిసారి విన్నాను.

నాలుగవ సమాధానం (కడప)

లక్ష్మణకుమారుడి గురించి మీరు రాసినదానితో నేను ఏకీభవించలేను. అతడు పన్నాగం పన్నలేదన్నది నిజమే. కాని శశిరేఖ మనసు ఎక్కడున్నదో తెలుసుకోవాలన్న తలంపు అతడికి సినిమా మొత్తంలో ఒక్కసారైనా కలగలేదు. పెళ్లికూతురంటే తన వైభవానికి తగిన నగ అనుకున్నవాడికి, ఆ పెళ్లికూతురే కాలు తొక్కి చుక్కలు చూపించడం నాకు తగిన శాస్తిగానే కనిపిస్తుంది. అయితే మీకు జాలి కలగడం కూడా రేలంగి గారి గొప్పదనమే. ఆయన ఆ పాత్రను దుర్మార్గుడిగా కాక, అతిగారాబంతో చెడిన పిల్లవాడిగా నటించారు.

నాకు ఈ సినిమాలో నిజంగా లోటనిపించేది వేరొకటి ఉన్నది. కృష్ణుడికి అన్నీ ముందే తెలుసు. రామారావు గారి చిరునవ్వు చూడగానే మనకు కూడా ధైర్యం వచ్చేస్తుంది. దానివల్ల సుభద్ర ఇల్లు విడిచి కొడుకుతో అడవిదారి పట్టినప్పుడు నాకు కలగవలసినంత బెంగ కలగదు. ఋష్యేంద్రమణి గారు ఆ అవమానాన్ని ఎంతో నిబ్బరంగా పలికించారు. పాండవులను ఒక్కసారైనా తెరమీదకు తీసుకురాకుండా, వాళ్ల కష్టాన్నంతా ఆ ఒక్క తల్లి ముఖంలో చూపించిన సినిమా అది. ఆ ముఖం వెనుక కృష్ణుడి చిరునవ్వు లేకపోయి ఉంటే, నాకు ఆ అడవి ఇంకా చీకటిగా కనిపించేదనిపిస్తుంది.

ప్రశ్న అడిగిన ప్రేక్షకురాలి మారుమాట

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి భోజనాల తరువాత గదిలో దీపాలు ఆర్పి, నలుపు తెలుపు ప్రతిని మళ్లీ చూశాము.

పడవపాట విషయంలో విశాఖపట్నం వారి మాట అక్షరాలా నిజం. నీటి మీద వెలుగు కదులుతుంటే మా అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది. ఆ పాటలో మొదట శశిరేఖాభిమన్యులు, తరువాత రుక్మిణీకృష్ణులు, ఆ తరువాత రేవతీబలరాములు ఒకే పడవలో, ఒకే వెన్నెలలో విహరించడాన్ని నేను ఇంతకుముందు పాటగానే విన్నాను గాని, పిల్లలను కాపాడడానికి కృష్ణుడు నడిపిన ఉపాయంగా చూడలేదు. ప్రియదర్శిని దగ్గర ఈసారి నాకు విసుగు కలగలేదు. రేవతికి నగలు కనబడినప్పుడు అమ్మాయి నావైపు తిరిగి, “ఈవిడే మాట మార్పిస్తుంది చూడు” అన్నది. రెండోసారి చూస్తున్నది కనుక ఆమె కూడా శేరిలింగంపల్లి వారు చెప్పిన ప్రేక్షకురాలే అయిపోయింది.

అయినా మొహమాటం లేకుండా చెబుతున్నాను. కౌరవులు ద్వారకతో వియ్యం కోసం మంతనాలు జరిపే సన్నివేశాలు నాకు నిన్న కూడా దీర్ఘంగానే అనిపించాయి. సి.ఎస్.ఆర్. గారి శకుని ఉన్న చోట తప్ప మిగిలిన చోట నా మనసు అక్కడ నిలవలేదు. లక్ష్మణకుమారుడి విషయంలో కడప వారి వాదన న్యాయమైనదే. కాని పెళ్లిపీటల మీద రేలంగి గారి బెదురుచూపు చూసినప్పుడు నాకు మళ్లీ జాలే కలిగింది. సుభద్ర గురించి రాసినది చదివిన తరువాత ఆ అడవి సన్నివేశంలో ఆమె ముఖం తప్ప నాకు వేరే ఏదీ కనబడలేదు.

‘అహ నా పెళ్ళియంట’ పాటను అమ్మాయి వరుసగా మూడుసార్లు పెట్టించింది. సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు దూకే చోట సావిత్రి గారి మెడ నరాలు కూడా బిగుస్తాయని, అది రంగుల ప్రతిలో తనకు కనబడలేదని చెప్పింది. వచ్చే ఆదివారానికి ‘పాతాళభైరవి’ పెట్టమని తనే అడిగింది.