ముందు అద్దం మార్పిడి: కారు కంపెనీ ముద్ర ఉన్న అద్దమే వేయించాలా?

దారిబత్తెం (చర్చ ప్రారంభం)

కంకర లారీ నుంచి ఎగిరిపడిన రాయి తగిలి మా కారు ముందు అద్దం మీద పెచ్చు లేచింది. కొద్ది రోజుల్లోనే అక్కడి నుంచి సన్నని బీట బయలుదేరి అంచు దాకా పాకింది కాబట్టి అద్దం మార్చక తప్పదు. షోరూం వారు ఇచ్చిన అంచనా, అద్దాల పని మాత్రమే చేసే బయటి వర్క్‌షాపు వారు ఇచ్చిన అంచనాకు రెట్టింపు పైనే ఉంది. షోరూం వారు కారు కంపెనీ ముద్ర ఉన్న అద్దం వేస్తామంటున్నారు. బయటి వారు అవే కొలతలతో మరో తయారీదారు చేసిన అద్దం వేస్తామంటున్నారు. వాన పడగానే వైపర్లను తిప్పే సెన్సరు, రోడ్డు మీది గీతలను గమనించే కెమెరా రెండూ మా కారులో అద్దానికే అమర్చి ఉన్నాయి. ఇది ప్రాణరక్షణకు సంబంధించిన భాగం కనుక ఖర్చు ఎంతైనా కంపెనీ ముద్ర ఉన్నదే వేయించాలన్నది నా అభిప్రాయం. భిన్నంగా ఆలోచించేవారు కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గాజుపని

దారిబత్తెం గారూ, మీ ఆందోళన న్యాయమైనదే గాని, దానికి ముద్ర సమాధానం కాదని నా నమ్మకం. కార్ల కంపెనీలు సాధారణంగా అద్దాలు తయారు చేయవు. సాన్-గోబెన్ సెకురిట్, పిల్కింగ్‌టన్, ఏజీసీ, ఫూయావో వంటి గాజు కంపెనీలు కార్ల ఫ్యాక్టరీలకు అద్దాలు సరఫరా చేస్తాయి. మరమ్మతుల మార్కెట్టుకు తమ సొంత పేరుతో అమ్మేదీ ఇవే. అద్దం కింది మూలన చెక్కి ఉన్న గుర్తును ఒకసారి వంగి చూడండి. వృత్తంలో ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరం, పక్కన ఒక అంకె కనిపిస్తే, ఆ అద్దం ఐక్యరాజ్య సమితి 43వ వాహన నిబంధన కింద ఆమోదం పొందిందని అర్థం. ఆ అంకె ఆమోదం ఇచ్చిన దేశాన్ని తెలుపుతుంది: 1 అయితే జర్మనీ, 2 అయితే ఫ్రాన్స్, 4 అయితే నెదర్లాండ్స్. ఇటువంటి ఆమోద గుర్తు ఏదీ లేని అద్దాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. గుర్తు ఉన్నప్పుడు మాత్రం, కారు కంపెనీ చిహ్నం లేదన్న ఒక్క కారణంతో దాన్ని నాసిరకంగా లెక్కగట్టడం సరికాదు.

ధర ఎందుకు పెరుగుతుందో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పాలీవినైల్ బ్యూటిరల్ అనే ప్లాస్టిక్ పొరను, సాధారణంగా 0.76 మిల్లీమీటర్ల మందంలో, వేడితోనూ ఒత్తిడితోనూ అతికిస్తారు. రాయి తగిలినా అద్దం ముక్కలై ఒళ్లో పడకుండా ఉండేది ఈ పొర వల్లనే. మామూలు కారులో ఇంతే ఉంటుంది. రోడ్డు చప్పుడు తగ్గించడానికి మధ్య పొరలో మెత్తని మరో పొర చేర్చినా, ఎండ వేడిని వెనక్కి కొట్టే లోహపు పూత వేసినా, మంచు కరిగించే సన్నని తీగలు పరిచినా, యాంటెన్నా కలిపినా ప్రతి దానికీ ధర పెరుగుతుంది. ఒకే కారు మోడల్‌కు ఇలాంటి అద్దాలు నాలుగైదు రకాలు ఉండవచ్చు. కాబట్టి మీకు వచ్చిన రెండు అంచనాలూ ఒకే రకం అద్దానికి వేసినవేనా అన్నది మొదట తేల్చుకోండి. అంత తేడా చాలాసార్లు అక్కడే పుడుతుంది.

సురక్షితం

గాజుపని గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి తీసిన నిర్ణయంతోనే పేచీ. తయారీదారు ఒకడే అయినంత మాత్రాన వస్తువు ఒకటే అయిపోదు. వేగం, దారి సూచనలు అద్దం మీదే కనిపించే కార్లను ఉదాహరణగా తీసుకోండి. గాజుకు లోపలి ముఖం, బయటి ముఖం రెండూ ఆ వెలుగును ప్రతిఫలింపజేస్తాయి కనుక మామూలు అద్దం మీద అంకెలు రెండేసిగా కనిపిస్తాయి. ఆ రెండు ప్రతిబింబాలూ ఒకదానిపై ఒకటి పడేలా మధ్య పొరను పైన కొంచెం మందంగా, కింద కొంచెం పలుచగా చేస్తారు. ఈ తేడా కంటికి అందేది కాదు, కొలతలు రెండింటివీ ఒకటే, బిగింపూ ఒకటే. తప్పు అద్దం వేస్తే అది రాత్రిపూట స్టీరింగు ముందు కూర్చున్నాక గాని బయటపడదు.

కెమెరా విషయం ఇంతకన్నా సున్నితమైనది. 43వ నిబంధన అద్దంలో దృశ్యం ఎంత వంకర పోవచ్చునో డ్రైవరు కంటికి ఎదురుగా ఉండే భాగానికి కఠినమైన పరిమితి పెడుతుంది, మిగిలిన భాగాలకు సడలింపు ఇస్తుంది. కెమెరా చూసేది సాధారణంగా కారు లోపల వెనుక దారిని చూపే నడిమి చిన్న అద్దం వెనుక, ముందు అద్దం పై భాగం నుంచి. అంటే మనిషి చూపును ఉద్దేశించి పెట్టిన ఆమోద గుర్తు, కెమెరా చూసే ఆ జానెడు చోటుకు అదే స్థాయి హామీ ఇవ్వదు. కార్ల కంపెనీలు తమ అద్దానికి ఆ చోటులో విడిగా ప్రమాణాలు పెట్టుకుంటాయి. కెమెరాను పట్టి ఉంచే చట్రం కూడా అద్దానికే అతికి వస్తుంది. అది వెంట్రుకవాసి పక్కకు అతికినా కెమెరా చూపు పక్కకు పోతుంది. దారిబత్తెం గారి కారులో కెమెరా ఉంది కనుక ఆయన అభిప్రాయమే సరైనదని అంటాను.

చిన్నబీట

ఒక్క మాట, ఈ చర్చ చదువుతున్న మిగిలినవారి కోసం. పెచ్చు చిన్నగా ఉండగానే రెసిన్ (గట్టిపడే పారదర్శక ద్రవం) ఎక్కించి అతినీల లోహిత కాంతితో గట్టిపరిస్తే అయ్యే ఖర్చు అద్దం మార్పిడిలో చిన్న భాగం మాత్రమే. ఫ్యాక్టరీలో అతికించిన అద్దం కదలకుండా ఉంటుంది, కెమెరాను సాధారణంగా మళ్లీ సరిచేయించాల్సిన పనీ ఉండదు. డ్రైవరు చూపుకు ఎదురుగా ఉన్న దెబ్బకూ, అంచుకు పాకిన బీటకూ ఇది పనికిరాదు. దెబ్బ తగిలిన వెంటనే పారదర్శకమైన టేపు అంటించి నీరు, దుమ్ము లోపలికి పోకుండా చూసుకోవాలి. అద్దం వేడెక్కి ఉన్నప్పుడు ఏసీ గాలిని నేరుగా దాని మీదకు వదలడం వంటి పనులు బీటను పెంచుతాయి.

గాజుపని

సురక్షితం గారూ, అద్దం మీదే సూచనలు కనిపించే కార్ల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే అక్కడ కూడా కావలసింది సరైన మధ్య పొర ఉన్న అద్దం. అది కారు కంపెనీ పెట్టెలోంచే రావాలన్న నియమం లేదు.

ఈ చర్చలో ఎవరూ ఇంతవరకు ఎత్తని విషయం బిగింపు, నన్నడిగితే ప్రాణానికి దగ్గరగా ఉన్నది అదే. పూర్వం అద్దాన్ని రబ్బరు బీడింగులో కూర్చేవారు. ఇప్పుడు యూరిథేన్ జిగురుతో కారు చట్రానికే అతికిస్తున్నారు కనుక అద్దం కారు బలంలో భాగమైపోయింది. కారు పల్టీ కొట్టినప్పుడు పైకప్పు అణగకుండా ఆపడంలో దానికి పాత్ర ఉంది. ఎన్నో కార్లలో ప్రయాణికుని ఎయిర్‌బ్యాగు పైకి విచ్చుకుని అద్దానికి తగిలి, ఆ ఆసరాతోనే మనిషి వైపు తిరుగుతుంది. జిగురు పట్టు లేకపోతే అద్దం ఊడి ముందుకు పోతుంది, ఎయిర్‌బ్యాగు కూడా దానితో పాటే పోతుంది. అద్దం మీద ఎవరి ముద్ర ఉన్నా ఆ క్షణంలో ఉపయోగం లేదు.

మంచి పనివాడి చేతిని దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. పాత జిగురును మొత్తం గీకి పారేయడు. చట్రానికి గట్టిగా పట్టిన పొరను ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన సమంగా కోసి ఉంచుతాడు, ఎందుకంటే కొత్త జిగురు దాని మీద బాగా పట్టుకుంటుంది. కత్తి తగిలి రంగు లేచిన ప్రతి గీతకూ ప్రైమరు (లోహాన్ని కాపాడే తొలి పూత) పూస్తాడు, లేకపోతే అక్కడ తుప్పు మొదలై కొన్నాళ్లకు జిగురును చట్రం నుంచి లేపేస్తుంది. అద్దం అంచున ఉండే నల్లని పట్టీని చేతి వేళ్లతో ముట్టుకోడు. చర్మం మీది జిడ్డు చాలు పట్టు చెడడానికి. తర్వాత జిగురును మధ్యలో ఎక్కడా తెగకుండా, త్రికోణాకారపు కట్టలా చుట్టూ పోసి అద్దం దించుతాడు.

ఆ జిగురు ఎక్కువగా గాలిలోని తేమను తీసుకుని గట్టిపడే రకం. చలిగా, పొడిగా ఉన్న రోజున నెమ్మదిగా గట్టిపడుతుంది. కారు నడపడానికి ఎంతసేపు ఆగాలో జిగురు తయారీదారు డబ్బా మీద లేదా సూచనల పత్రంలో ఇస్తాడు; రకాన్ని బట్టి అది అరగంట నుంచి అనేక గంటల దాకా ఉంటుంది. త్వరగా గట్టిపడే జిగురుకు ధర ఎక్కువ. అంచనా తగ్గించాలనుకున్నవారు మొదట కోత పెట్టేది ఇక్కడే, కొనేవారి కంటికి కనిపించని చోటు కనుక. అందుకే దారిబత్తెం గారూ, ముద్ర మీద పెట్టదలచిన డబ్బును బిగింపు మీద పెట్టమంటున్నాను.

అంచనాదారు

బీమా క్లెయిములు చూసే పనిలో ఉన్నవాడిగా రెండు మాటలు. పాలసీలో అద్దానికి విడిగా రక్షణ ఉందా, క్లెయిములో మీరు భరించాల్సిన మొత్తం ఎంత, ఈ క్లెయిము వల్ల వచ్చే ఏడాది రాయితీ తగ్గుతుందా అన్నవి పని అప్పగించక ముందే రాతపూర్వకంగా అడగండి. కొన్ని పాలసీలు సమానమైన బయటి అద్దానికి మాత్రమే చెల్లించి, కంపెనీ ముద్ర కావాలంటే మిగతాది యజమానినే కట్టుకోమంటాయి. కెమెరాను సరిచేసే ఖర్చు అంచనాలో విడిగా రాసి ఉండాలి. అది రాయని అంచనా చవకగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

సురక్షితం

బిగింపు గురించి గాజుపని గారు చెప్పినదాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. కెమెరా విషయంలో మాత్రం వెనక్కి తగ్గలేను. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో ఆ తేడా దాదాపు 1.75 మీటర్లు అవుతుంది. అంటే ఎదుటి వాహనం మన వరుసలో ఉందో పక్క వరుసలో ఉందో కారు పొరబడవచ్చు. తానే బ్రేకు వేసే కారుకు ఇది చిన్న విషయం కాదు. కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి సరిచేసే పద్ధతి మారుతుంది. కొన్నింటికి సమతలమైన నేల మీద కారును నిలిపి, ముందు నిర్ణీత దూరంలో గుర్తుల బోర్డు పెట్టాలి. కొన్నింటిని గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నిర్ణీత వేగంతో నడపాలి. కొన్నింటికి రెండూ కావాలి. టైర్లలో గాలి సరిగా ఉండటం కూడా దీనిలో భాగమే. అద్దం సరిపోకపోతే ఈ పని మధ్యలోనే విఫలమై, మళ్లీ అద్దం మార్చవలసి రావచ్చు. అప్పుడు చవక అద్దం రెండు అద్దాల ఖర్చు అవుతుంది.

గాజుపని

ఆ ప్రమాదాన్ని కాదనను. దానికి విరుగుడు ఒప్పందంలో ఉంది: తాము వేసిన అద్దంతో కెమెరా సరిపడకపోతే తమ ఖర్చుతోనే మరో అద్దం వేస్తామని బయటి వారు రాసివ్వగలరా అని అడగండి. రాసిచ్చేవారికి తమ అద్దం మీద నమ్మకం ఉన్నట్టు. రాయనివారి దగ్గర మాత్రం నేను కూడా సురక్షితం గారి పక్షమే.

దారిబత్తెం

అందరికీ కృతజ్ఞతలు. కారు ఛాసిస్ నంబరు ఇచ్చి రెండు చోట్లా మళ్లీ విచారించాను. బయటి వారు మొదట వేసిన అంచనా చప్పుడు తగ్గించే పొర లేని అద్దానిది. అందులో కెమెరా సరిచేసే ఖర్చు కూడా లేదు. రెండూ కలిపితే తేడా సగానికి పైగా తగ్గిపోయింది. జిగురు ఏ రకమో, ఎంతసేపటికి కారు తీయవచ్చో షోరూం వారు వెంటనే చెప్పలేకపోయారు, బయటి వారు డబ్బా చూపించి చెప్పారు. కెమెరా గురించి గాజుపని గారు సూచించిన హామీని రాసివ్వడానికి వారింకా ఒప్పుకోలేదు. అది వచ్చేదాకా నా మొగ్గు షోరూం వైపే ఉంది.