అప్‌డేట్: తక్కువ ధరా, ఫాస్ట్ చార్జింగా? చివరికి ఏం తీసుకున్నామంటే

ఎలక్ట్రిక్ కార్లలో తక్కువలో వచ్చే ఎంజీ కామెట్ కొనాలా, డీసీ ఫాస్ట్ చార్జింగ్ (బయట స్టేషన్లలో త్వరగా ఎక్కే చార్జింగ్) ఉందని ఇంకాస్త అప్పు చేసి టాటా టియాగో ఈవీకి వెళ్లాలా అని ఇక్కడ అడిగాను కదా. 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న టియాగో తీసుకున్నాం. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"వారం రోజులు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో రాసుకోండి" అన్న సలహానే పనిచేసింది. రోజుకు నలభై కూడా దాటలేదు, దానికి పార్కింగ్‌లోని 15 ఆంప్స్ ప్లగ్ చాలు, ఇంట్లో గోడకు బిగించే 7.2 కిలోవాట్ చార్జర్ గురించి పడిన టెన్షనంతా దండగ. ఫాస్ట్ చార్జింగ్ అవసరమయ్యేది హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లినప్పుడే: సూర్యాపేటలో ఆగి, ఇడ్లీ తిని, పిల్లాడి అలక తీర్చేసరికి గంట, బండి బ్యాటరీ ఎనభై శాతం.

మొదటి రాత్రి చార్జర్‌లో ఎర్ర లైటు వెలిగితే కారే పాడైందనుకున్నా. తప్పు కారుది కాదు: ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పి చూస్తే ఎర్తింగ్ వైరే లేదు!