కింది దవడ పన్ను వేర్ల మధ్య ఎముక కరిగింది, గ్రాఫ్ట్ పెడితే నిలుస్తుందా?

ప్రశ్న:
వయసు 46, సిగరెట్ అలవాటు లేదు. షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.8. కింద ఎడమవైపు మొదటి దవడ పన్నుకి బుగ్గ వైపు పాకెట్ (చిగురుకీ పన్నుకీ మధ్య సందు) 7 మి.మీ., గ్రేడ్ 2 ఫర్కేషన్ (వేర్లు చీలే చోట ఎముక కొంతమేర పోవడం) అన్నారు. పన్ను కొంచెం కదులుతోంది. డీప్ క్లీనింగ్ అయి రెండు వారాలైంది. ఒక డాక్టరు ఫ్లాప్ (చిగురు పొర) తెరిచి బోన్ గ్రాఫ్ట్ (ఎముక పొడి), పీఆర్ఎఫ్ (మన రక్తం నుంచి తీసే పొర) పెడదామంటున్నారు. ఇంకొకరు పీకించేసి ఇంప్లాంట్ వేయించుకోమంటున్నారు. ఏది నయం?

జవాబు 1:
ఇప్పుడే రెండూ వద్దండి. క్లీనింగ్ తర్వాత చిగురు బిగుసుకోవడానికి టైమ్ పడుతుంది, మూడు నెలలకి పాకెట్లు మళ్లీ కొలవాలి. 7 కాస్తా 5కి దిగొచ్చు. ఈలోగా హెచ్‌బీఏ1సీని 7 లోపుకి తెచ్చుకోండి, లేదంటే గాయం సరిగా మానదు. వేర్ల మధ్య సందులోకి మామూలు బ్రష్ వెళ్లదు, ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి. పన్ను నరం బతికే ఉందో లేదో కోల్డ్ టెస్ట్ చేయించండి. నరం చచ్చిపోయి ఉంటే ముందు రూట్ కెనాల్ కావాలి, అది వదిలేసి గ్రాఫ్ట్ పెడితే డబ్బు దండగ.

జవాబు 2:
మూడు నెలలకీ పాకెట్ తగ్గకపోతే అప్పుడు సర్జరీ మాట. మీకు అనుకూలమైన విషయం ఒకటుంది: కింది దవడ పన్ను, బుగ్గ వైపు, గ్రేడ్ 2. రీజనరేషన్ (పోయిన ఎముకని మళ్లీ పెంచడం) బాగా పనిచేసే చోట్లలో ఇదొకటి. పై దవడ పళ్లలో పక్క పన్నుని ఆనుకున్న వైపున్న ఫర్కేషన్ అయితే ఇంత ధీమాగా చెప్పలేం. ఇటు నుంచి అటు ప్రోబ్ (లోతు కొలిచే సన్నని పరికరం) దూరిపోయే గ్రేడ్ 3లో అయితే గ్రాఫ్ట్ పెట్టి లాభం లేదు. ఎముక గుంతకి మూడు వైపులా గోడలుండి లోతు 3 మి.మీ. దాటితే ఫలితం మెరుగు, ఒక్క గోడే మిగిలితే కష్టం.

ఆశ మాత్రం అదుపులో పెట్టుకోండి. ఫర్కేషన్ పూర్తిగా మూసుకుపోవడం అరుదు. గ్రేడ్ 2 గ్రేడ్ 1కి వచ్చినా సక్సెస్సే, ఎందుకంటే అప్పుడు మీరే శుభ్రం చేసుకోగలరు.

జవాబు 3:
సర్జరీలో బెడిసికొట్టేవి ఎక్కువగా చిన్న విషయాలే. గ్రాఫ్ట్ పొడిని గట్టిగా కూరితే గింజల మధ్య రక్తనాళాలు పాకడానికి చోటుండదు. మెంబ్రేన్ (గ్రాఫ్ట్ మీద కప్పే పొర) గుంత అంచు దాటి 2-3 మి.మీ. కప్పాలి. ఫ్లాప్‌ని లాగి బిగించి కుడితే వారానికల్లా చిగురు విడిపోయి మెంబ్రేన్ బయటపడుతుంది, సూక్ష్మజీవులు చేరతాయి. పీఆర్ఎఫ్‌కి 10 మి.లీ. రక్తం తీసి వెంటనే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పాలి (2700 ఆర్‌పీఎమ్, 12 నిమిషాలు). ఆలస్యమైతే ట్యూబులోనే గడ్డకట్టి, పనికొచ్చే పొర రాదు. పన్ను కదులుతోంది కాబట్టి ముందే పక్క పళ్లకి కలిపి కట్టే స్ప్లింట్ వేయించండి.

తర్వాత నాలుగు వారాలు అక్కడ బ్రష్ పెట్టకూడదు, 0.2% క్లోర్‌హెక్సిడిన్ రోజుకి రెండుసార్లు పుక్కిలించాలి. పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, క్లీనింగ్‌తో పోతాయి. ఆరు నెలల దాకా ఆ పాకెట్‌లోకి ప్రోబ్ పెట్టనివ్వొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. గ్రాఫ్ట్ దేంతో చేస్తారు? మా ఇంట్లో పశువులది అయితే ఒప్పుకోరు.

జవాబు 3:
ముందే అడగడం మంచిదైంది. చాలాచోట్ల వాడేది ఆవు ఎముక నుంచి తీసినదే, ఎముక పెరగడానికి పూసే ఎమ్‌డోగెయిన్ జెల్ పంది నుంచి. కొలాజన్ మెంబ్రేన్లు కూడా ఎక్కువగా జంతువులవే. కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేట్ గ్రాఫ్ట్‌లు దొరుకుతాయి, పీఆర్ఎఫ్ ఎలాగూ మీ రక్తమే. ఆపరేషన్ ముందు ప్యాకెట్ చూపించమనండి. ఇంకోమాట: ఎక్స్‌రేలో తెల్లగా కనిపించిందని ఎముక వచ్చేసిందనుకోవద్దు. కొన్ని గ్రాఫ్ట్ గింజలు ఏళ్ల తరబడి కరగకుండా అలాగే కనిపిస్తాయి, పాకెట్ లోతు తగ్గిందా లేదా అన్నదే చూడాలి.