ఇంట్లో చేసిన పాస్తా ముద్దయిపోయింది, ఏటి తప్పు చేసేను?

పర్లాకిమిడి_అమ్మాయి:
అందరికీ నమస్తే. కాపరం బరంపురంలో. పాప అడిగిందని ఆదివారం 200 గ్రాముల మైదాలో 2 గుడ్లు కొట్టి కలిపితే పొడిపొడిగా ఉంది, సరేలే అని చపాతీ పిండిలా అయ్యేదాకా నీళ్లు పోసీసేను. చపాతీ కర్రతో పల్చగా ఒత్తి, మడిచి, చాకుతో సన్నగా కోసి పళ్లెంలో పోగేసి మూతపెట్టి సాస్ పనిలో పడ్డాను, గంటకి చూస్తే అంతా ఒకటే ముద్ద! మా అత్తగారు "ఏటమ్మా, పోస్టర్లు అంటించడానికా" అన్నారు. ఇంకోటి, కార్తీకంలో మా వంటింట్లోకి గుడ్డు రాదు, అప్పుడెలా?

గుణుపురం_గరిటె:
అక్కా, 100 గ్రాములకి ఒక గుడ్డు అనేది ఇటలీ లెక్క, మన కొట్లో గుడ్లు చిన్నవి, అందుకే పొడిగా ఉంది. ఒకట్రెండు చెంచాల నీళ్లు చాలు. పిండి గట్టిగానే ఉండాలి, 10 నిమిషాలు పిసికి తడిగుడ్డ కప్పి అరగంట వదిలీ, అదే సాగుతుంది. అసలు తప్పు ఆ మూత. బరంపురంలో ఉండి అప్పడం సంగతి తెలీదా, సముద్రం గాలికి ఏదైనా మెత్తబడిపోద్ది కదా! ఒత్తిన షీటు బట్ట మీద కాసేపు ఆరనియ్యి, చేతికి అంటకూడదు, మడిస్తే విరగకూడదు. బొంబాయి రవ్వ జల్లి కొయ్యి, కోసిన వెంటనే విడదీసీ. సాస్ ముందే అయిపోవాలి. 100 గ్రాములకి లీటరు నీళ్లు, ఉప్పేసి తెర్లాక వేస్తే 2-3 నిమిషాల్లో ఉడికిపోద్ది.

రాయగడ_పిన్ని:
గుడ్డు లేకపోతే దిగులెందుకమ్మా, ఇటలీ దక్షిణాన రవ్వా నీళ్లతోనే చేస్తారు. అక్కడి సార్డీనియా దీవిలో మల్లొరెద్దుస్ అని గీతలున్న పాస్తా ఉంటుంది, చూస్తే అచ్చం మన గవ్వలే. నేను గవ్వల పీట మీదే బొటనవేలితో నొక్కి దొర్లిస్తాను. బన్సీ రవ్వ మిక్సీలో మెత్తగా పట్టి, 200 గ్రాములకి 100 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోసి కలుపు. ఇవి మందం కదా, ఎక్కువసేపు పడతాది, ఒకటి కొరికి చూసి దింపు.

కొరాపుట్_కుర్రోడు:
జంతికల గొట్టంలో పెట్టి నొక్కేను, పిండి దిగలేదు గానీ పిడి ఊడిపోయింది. ఎవరూ ట్రై చెయ్యకండి.

పర్లాకిమిడి_అమ్మాయి:
😂 థాంక్యూ పిన్నీ, గవ్వల పీట అమ్మ దగ్గరుంది, దసరాకి వెళ్తే తెచ్చీసుకుంటాను. ఆ ముద్దని మా అత్తగారు ముక్కలు చేసి నూనెలో వేయించీసి ఉప్పూ కారం జల్లేరు, పాప సాస్ ముట్టలేదు, అవే తింది.